నాచుకూ కావాలి ఒక విత్తన క్షేత్రం: వెలుతురుతో బ్రతికే సూక్ష్మజీవుల నియంత్రిత పెంపకం

వరి మడిలో పచ్చని పాచి తెట్టుగా కట్టినప్పుడు రైతుకు మొదట గుర్తుకు వచ్చేది మైలుతుత్తం. నాటిన లేత పైరును పాచి కప్పివేస్తుందనీ, పిలకలను అణచివేస్తుందనీ ఆయనకు అనుభవం నేర్పింది. అటువంటి రైతు చేతికి విస్తరణ సిబ్బంది ఒక పొట్లం ఇచ్చి, ఇందులో నాచు ఉన్నది, మడిలో చల్లండి, నత్రజని వస్తుంది అని చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించే సందేహం సహజమైనదే. నివారించవలసిన పాచి వేరు, ఆదరించవలసిన నీలి ఆకుపచ్చ నాచు వేరు అని వివరిస్తే రైతు అర్థం చేసుకుంటాడు. కాని పొట్లంలో ఉన్నది నిజంగా ఆదరించవలసిన నాచేనా, అది సజీవంగా ఉన్నదా, ఎంత ఉన్నది అని ఆయన తిరిగి ప్రశ్నిస్తే చాలా సందర్భాలలో సమాధానం చెప్పడం కష్టమవుతుంది. నీలి ఆకుపచ్చ నాచు సాంకేతికత మన దేశంలో దశాబ్దాలుగా సిఫారసులలో ఉండి కూడా పొలాలలో స్థిరపడకపోవడానికి గల కారణాలలో ఈ ప్రశ్న ముఖ్యమైనది.

వెలుతురును ఆహారంగా మార్చుకునే సూక్ష్మజీవులను మూసిన పాత్రలలో, అన్ని పరిస్థితులనూ అదుపులో ఉంచి పెంచే ఫోటోబయోరియాక్టర్ల విజ్ఞానం ఈ ప్రశ్నకు ఏ మేరకు సమాధానం ఇవ్వగలదో, ఏ మేరకు ఇవ్వలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వరి మడి నేర్పిన పాఠం

ఏటేటా వరి పండే నేలలు ఎరువు వేయకపోయినా పూర్తిగా నిస్సారం కాకపోవడం శాస్త్రవేత్తలను చాలాకాలం ఆలోచింపజేసింది. పి.కె. డే 1939లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, వరి పొలాలలో జరిగే నత్రజని స్థిరీకరణకు ప్రధాన కారకాలు నీలి ఆకుపచ్చ నాచులేనని ప్రయోగపూర్వకంగా చూపారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆర్.ఎన్. సింగ్ ఈ నాచులతో చౌడు నేలలను బాగుచేయవచ్చునని 1950లో వెల్లడించారు. భారత వ్యవసాయంలో నత్రజని సమకూర్పుకు వీటి పాత్రపై ఆయన రాసిన గ్రంథం 1961లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురణగా వెలువడింది. జపానులో అత్సుషి వతనబే టోలిపోత్రిక్స్ అనే నాచును పెద్దఎత్తున పెంచి పొలాలలో చల్లే ప్రయత్నం చేశారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జి.ఎస్. వెంకటరామన్, ఆయన సహచరులు రైతు తన పెరటిలోనే నాచును పెంచుకోగల ఆరుబయలు తొట్టి పద్ధతిని రూపొందించారు.

ఈ నాచులు వృక్షశాస్త్రం ప్రకారం నాచులు కావు, బాక్టీరియాలు. నేడు వీటిని సయనోబాక్టీరియా అంటున్నారు. అనబీనా, నాస్టాక్, టోలిపోత్రిక్స్, ఆలోసిరా, కాలోత్రిక్స్, సైటోనీమా వంటి ప్రజాతులు కణాలు వరుసగా కూర్చిన దండవలె తంతువులుగా పెరుగుతాయి. వాటి మధ్యనో, చివరనో మందమైన గోడలు గల హెటిరోసిస్టులు ఉంటాయి. నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైము ప్రాణవాయువు సోకితే పాడైపోతుంది. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవి తనలోనే ప్రాణవాయువును పుట్టిస్తుంది. ఈ చిక్కును తీర్చేందుకే హెటిరోసిస్టు ప్రాణవాయువును విడుదల చేసే భాగాన్ని వదులుకొని, నత్రజని స్థిరీకరణకే అంకితమైన గదిగా మారింది. పొరుగు కణాలు దానికి పిండిపదార్థం అందిస్తాయి. అది వాటికి నత్రజని పంచుతుంది.

తొట్టి పద్ధతి గుణదోషాలు

ఆరుబయలు పద్ధతిలో సుమారు రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, జానెడు లోతు గల గుంతలో పాలిథీన్ పరచి, కొన్ని కిలోల మెత్తని మట్టి, కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్, ఆమ్ల నేల అయితే సున్నం వేసి నీరు నింపుతారు. మట్టి తేరుకున్న తరువాత తల్లి వర్ధనాన్ని పైన చల్లుతారు. ఎండ బాగా ఉంటే రెండు మూడు వారాలలో మందపాటి చాప వంటి పొర ఏర్పడుతుంది. నీటిని ఆరనిస్తే అది పెళ్లలుగా విరిగి వస్తుంది. ఈ పెళ్లల పొడిని హెక్టారుకు 10 కిలోల చొప్పున నాటిన వారం పది రోజులకు నిలిచిన నీటిలో చల్లాలన్నది సాధారణ సిఫారసు. పరిస్థితులు అనుకూలించిన చోట హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని సమకూరుతుందని అంచనా.

ఖర్చు తక్కువ, యంత్రం అవసరం లేదు, రైతు స్వయంగా చేసుకోగలడు. ఇవి ఈ పద్ధతికి ఉన్న గొప్ప బలాలు. అయితే తెరచిన తొట్టిలో గాలి ద్వారా, మట్టి ద్వారా, నీటి ద్వారా ఇతర నాచులు వచ్చి చేరతాయి. దోమ పిల్లలు, సూక్ష్మ క్రస్టేషియన్లు, ఆదిజీవులు నాచును మేసివేస్తాయి. వర్షం పడితే వర్ధనం పలుచబడుతుంది. మబ్బు పట్టిన వారంలో పెరుగుదల నిలిచిపోతుంది. ఒక తొట్టి నుంచి మరొక తొట్టికి, ఒక ఏడాది నుంచి మరొక ఏడాదికి విత్తనంగా వాడుతూ పోతే మొదట ఇచ్చిన జాతి క్రమంగా కనుమరుగై, ఆ ఊరి గాలిలోనూ మట్టిలోనూ ఉన్నదే మిగులుతుంది.

దీని పర్యవసానం ఎంతటిదో 1987లో పియరీ రోజర్ బృందం ప్రచురించిన అధ్యయనం తెలియజేసింది. వారు వివిధ దేశాల నుంచి సేకరించిన 102 వరి నేలల నమూనాలలోనూ, మట్టి ఆధారిత నాచు ఎరువుల 22 నమూనాలలోనూ హెటిరోసిస్టులు గల నాచులను లెక్కించారు. నేలలన్నింటిలోనూ ఈ నాచులు సహజంగా ఉన్నాయి. అంతేకాదు, సిఫారసు చేసిన మోతాదులో ఎరువు చల్లితే పొలానికి చేరే నాచు సంఖ్య కంటే ఆ నేలలో అప్పటికే ఉన్న సంఖ్య అత్యధిక సందర్భాలలో ఎక్కువగా ఉన్నది. అంటే ఇంట్లో నిండుగా ఉన్న గాదెలో గుప్పెడు గింజలు పోసి పంట పెరుగుతుందని ఆశించినట్లయినది. ఈ ఫలితం నాచు పనికిరాదని చెప్పడం లేదు. తక్కువ సంఖ్యలో, జాతి తెలియని నాచును చల్లడం వల్ల ప్రయోజనం అనిశ్చితమని చెబుతున్నది. ఎంచుకున్న మేలైన జాతిని, శుద్ధంగా, సజీవంగా, తగినంత సంఖ్యలో అందించగలిగితేనే దాని అసలు సత్తువను పరీక్షించడం సాధ్యమవుతుంది.

మూసిన పాత్రలో వెలుతురు పంట

శుద్ధమైన నాచును ప్రయోగశాలలో పెంచడం కొత్త విషయం కాదు. బైజరింక్ 1890లో క్లోరెల్లాను వేరుచేశారు. ఆటో వార్‌బర్గ్ 1919 నుంచి కిరణజన్య సంయోగక్రియ అధ్యయనానికి దానినే సాధనంగా చేసుకున్నారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆహార కొరత భయంతో అమెరికాలో 1951లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఒక భవనం కప్పు మీద పారదర్శక ప్లాస్టిక్ గొట్టాలలో క్లోరెల్లాను పెంచే ప్రయోగశాల నిర్మించారు. ఆ అనుభవాలను జాన్ బర్లూ సంపాదకత్వంలో కార్నెగీ సంస్థ 1953లో గ్రంథంగా ప్రచురించింది. నేటి ఫోటోబయోరియాక్టర్ల ఆలోచనలలో అనేకం ఆ పుస్తకంలోనే బీజరూపంలో కనిపిస్తాయి.

ఈస్ట్‌నో, రైజోబియాన్నో పెంచే సాధారణ ఫర్మెంటర్‌కూ ఫోటోబయోరియాక్టర్‌కూ మౌలికమైన తేడా ఒకటున్నది. ఫర్మెంటర్‌లో ఆహారం చక్కెర. అది నీటిలో కరుగుతుంది, కలియబెడితే మూలమూలలకూ చేరుతుంది, ముందుగా నిల్వ పోసి ఉంచవచ్చు. ఇక్కడ ఆహారం వెలుతురు. అది కరగదు, నిల్వ ఉండదు, ఉపరితలం నుంచి మాత్రమే ప్రవేశిస్తుంది. అందువల్ల ఫర్మెంటర్‌ను ఘనపరిమాణంతో కొలిస్తే, ఫోటోబయోరియాక్టర్‌ను వరి పొలం వలెనే వైశాల్యంతో కొలవవలసి ఉంటుంది. సేద్యశాస్త్ర విద్యార్థికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఆకు విస్తీర్ణ సూచిక, పైఆకులు కింది ఆకులకు నీడనివ్వడం, వెలుతురు పైరులోకి దిగేకొద్దీ క్షీణించడం అనే భావనలన్నీ ఇక్కడ మీటర్లకు బదులు సెంటీమీటర్లలో పునరావృతమవుతాయి.

మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2,000 మైక్రోమోల్ ఫోటాన్లు ఇస్తుంది. అనేక నాచులకు 200 నుంచి 400 మైక్రోమోళ్లతోనే తృప్తి కలుగుతుంది. అంతకు మించినది వృథా అవుతుంది. అధికమైతే కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగమే దెబ్బతింటుంది. మరోవైపు, లీటరుకు ఒక గ్రాము ఎండుబరువు గల వర్ధనంలో మొదటి రెండు మూడు సెంటీమీటర్లు దాటేసరికి వెలుతురులో సుమారు తొంభై శాతం హరించుకుపోతుంది. అంటే ఒకే పాత్రలో గాజుగోడకు ఆనుకొని ఉన్న కణం ఎండకు మాడుతుంటే, అరచేయి మందం లోపల ఉన్న కణం చీకటిలో తన నిల్వలను తాను తింటూ ఉంటుంది. రియాక్టరు రూపకల్పన అంతా ఈ రెండు విపరీతాల మధ్య సమన్వయమే.

దీనికి మూడు మార్గాలు అనుసరిస్తారు. మొదటిది, నీటి మందాన్ని కొన్ని సెంటీమీటర్లకు పరిమితం చేయడం. రెండవది, కణాలు వెలుతురుకూ నీడకూ మధ్య వేగంగా మారేటట్లు కలియబెట్టడం. మూడవది, పలకలను నిటారుగా నిలబెట్టి, ఒకే నేల వైశాల్యంపై పడే ఎండను ఎక్కువ ఉపరితలానికి పంచడం. కృత్రిమ కాంతి వాడేటప్పుడు రంగు కూడా ముఖ్యం. ఆకుపచ్చ నాచులు, మొక్కలు ఎరుపు, నీలి కాంతులను రెండింటినీ బాగా వాడుకుంటాయి. నీలి ఆకుపచ్చ నాచులలో ఫైకోసయనిన్ అనే వర్ణకం 620 నానోమీటర్ల వద్ద నారింజ ఎరుపు కాంతిని గ్రహిస్తుంది. నీలికాంతి వాటికి అంతగా ఉపయోగపడదు. కనుక ఆకుకూరల కోసం తయారైన ఎల్.ఇ.డి. దీపాలను తెచ్చి నాచుకు అమర్చడం తెలివైన పని కాదు. ఊదారంగు కిరణజన్య బాక్టీరియాల సంగతి మరీ భిన్నం. అవి కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వాడుకుంటాయి. ప్రాణవాయువు లేని పాత్రలోనే వెలుతురుతో పెరుగుతాయి.

పీల్చే గాలి, విడిచే గాలి

నాచు ఎండుబరువులో సుమారు సగం కర్బనం. కనుక ఒక కిలో ఎండునాచు తయారుకావాలంటే కనీసం 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువు కావాలి. గాలిలో ఈ వాయువు 0.04 శాతం మాత్రమే. చిక్కని వర్ధనానికి అది చాలదు. అందువల్ల ఒకటి రెండు శాతం బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలిని సన్నని బుడగలుగా పంపుతారు. ఇది ఆహారంగానే కాక ఉదజని సూచికను అదుపులో ఉంచే సాధనంగానూ పనిచేస్తుంది. నాచు కర్బనాన్ని లాగుకొన్నకొద్దీ నీరు క్షారంగా మారుతుంది. ఉదజని సూచిక నిర్ణీత స్థాయి దాటగానే కవాటం తెరుచుకొని వాయువు ప్రవేశిస్తుంది.

విడిచే గాలి సంగతిని కొత్తవారు తరచు మరచిపోతారు. ఒక కిలో నాచు పెరిగేసరికి కిలోకు మించిన ప్రాణవాయువు విడుదలవుతుంది. తెరచిన తొట్టిలో అది గాలిలో కలిసిపోతుంది. మూసిన పొడవాటి గొట్టంలో పేరుకుపోతుంది. గాలితో సమతుల్యంలో ఉండే స్థాయికి మూడు నాలుగు రెట్లు చేరితే పెరుగుదల కుంటుపడుతుంది. నైట్రోజినేజ్‌పై ఆధారపడే మన నాచులకు ఇది మరింత ఇబ్బంది. అందుకే గొట్టాలను అదుపులేని పొడవుతో నిర్మించరాదు. మధ్యమధ్య వాయువును బయటకు పంపే స్తంభాలు ఉండాలి.

కలియబెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. గుండ్రని ఏకకణ క్లోరెల్లా పంపు దెబ్బలకు తట్టుకుంటుంది. అనబీనా వంటి తంతువులు తెగిపోతాయి. వీటికి మరలు తిరిగే పంపుల కంటే గాలి బుడగల తోపుడుతో నీరు తానే ప్రదక్షిణం చేసే ఎయిర్‌లిఫ్ట్ పద్ధతి మేలు.

తెలుగు జిల్లాలలో అన్నింటికంటే పెద్ద సమస్య వేడి. ఈ నాచులలో చాలావాటికి 25 నుంచి 35 డిగ్రీల సెంటీగ్రేడు అనుకూలం. వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటే చోట, ఎండలో నిలబెట్టిన గాజుపలక సౌరశక్తి నీటి హీటరు వలె పనిచేస్తుంది. నాచు గ్రహించిన వెలుతురులో అధికభాగం చివరకు వేడిగానే మారుతుంది. పలకల మీద నీటిని తుంపరగా జారవిడవడం, మధ్యాహ్నం నీడవల కప్పడం, పలకలను తూర్పు పడమరలకు అభిముఖంగా నిలిపి నడినెత్తి ఎండను తప్పించడం మన పరిస్థితులకు తగిన ఉపాయాలు. శీతల దేశాల రూపకల్పనలను యథాతథంగా దిగుమతి చేసుకుంటే మొదటి వేసవిలోనే వర్ధనం ఉడికిపోతుంది.

ఏ జీవికి ఏ పాత్ర

ఫోటోబయోరియాక్టర్లలో పలక రకం, గొట్టపు రకం, బుడగల స్తంభం ముఖ్యమైనవి. జర్మనీలోని క్లోట్సే పట్టణంలో 2000 సంవత్సరంలో ప్రారంభమైన కేంద్రంలో సుమారు 500 కిలోమీటర్ల గాజుగొట్టాలలో 700 ఘనపు మీటర్ల నీటిలో క్లోరెల్లాను పెంచే ఏర్పాటు చేశారు. అంత పెట్టుబడి పెట్టగలగడానికి కారణం దాని ఉత్పత్తి పోషకాహారంగా అధిక ధరకు అమ్ముడుపోవడమే.

ఇందుకు భిన్నంగా స్పైరులినాను ప్రపంచమంతటా ఎక్కువగా తెరచిన చెరువులలోనే పెంచుతున్నారు. జరూక్ 1966లో రూపొందించిన మాధ్యమంలో లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బనేట్ ఉంటుంది. ఉదజని సూచిక 9 దాటిన ఆ క్షార జలంలో ఇతర జీవులు నిలవలేవు. అంటే స్పైరులినాకు నీటి రసాయన గుణమే కంచె. డునాలియెల్లాకు ఉప్పు కంచె. మన నత్రజని స్థిరీకరణ నాచులకు ఇంతటి బలమైన సహజ కంచె లేదు. వరి మడి వంటి మంచినీటిలో, తటస్థ ఉదజని సూచిక వద్ద అందరికీ నచ్చే పరిస్థితులే వాటికీ కావాలి.

వాటికి ఉన్న ఒకే ఒక రక్షణ నత్రజని లేని మాధ్యమం. భాస్వరం, పొటాష్, మెగ్నీషియం, సున్నపు ధాతువు, ఇనుము, మాలిబ్డినం వంటివి ఇచ్చి, నైట్రేట్, అమ్మోనియాలను పూర్తిగా తొలగిస్తే, గాలి నత్రజనిని వాడుకోలేని నాచులు వెనుకబడిపోతాయి. అయితే స్థిరీకరించిన నత్రజనిలో కొంత బయటకు స్రవిస్తుంది కనుక కలుషిత జీవులు దానిపై నెమ్మదిగా తలెత్తుతాయి. మేసే ఆదిజీవులకైతే ఈ అడ్డంకి వర్తించనే వర్తించదు. అందువల్ల తల్లి వర్ధనం విషయంలో మూసిన పాత్రకు ప్రత్యామ్నాయం లేదు.

లెక్క చెప్పే నిజం

ఇక్కడ ఒక సూటి లెక్క వేయడం అవసరం. ఐదు సెంటీమీటర్ల మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం గల పలకలో 50 లీటర్ల వర్ధనం పడుతుంది. లీటరుకు ఒక గ్రాము ఎండునాచు ఉన్నదనీ, రోజూ ఐదవ వంతు తీసి అంతే కొత్త మాధ్యమం పోస్తున్నామనీ అనుకుంటే రోజుకు పది గ్రాముల ఎండునాచు చేతికి వస్తుంది.

ఈ నాచునే నేరుగా ఎరువుగా వేయదలచితే ఏమవుతుంది? ఎండునాచులో నత్రజని మహా అయితే పది శాతం. హెక్టారుకు 25 కిలోల నత్రజని ఇవ్వాలంటే 250 కిలోల ఎండునాచు కావాలి. అంటే 250 పలకలు వంద రోజులు పనిచేయాలి, అదీ ఒక్క హెక్టారుకు. ఆ నత్రజని యూరియా రూపంలో 54 కిలోలు, అంటే 45 కిలోల బస్తా ఒకటి, పైన మరి కొంచెం. దీపాల వెలుతురుతో పెంచితే పరిస్థితి మరింత విషమం. కిలో ఎండునాచులో సుమారు 20 మెగాజౌళ్ల శక్తి, అంటే ఐదున్నర యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి దాగి ఉంటుంది. దీపం విద్యుత్తులో సగాన్ని వెలుతురుగా మార్చి, నాచు ఆ వెలుతురులో పదవ వంతును పట్టుకున్నా, కిలోకు నూటికి పైగా యూనిట్లు ఖర్చవుతాయి. ఈ లెక్క చూసిన తరువాత రియాక్టరు ద్వారా ఎరువుల కొరత తీరుతుందని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మవలసిన పని లేదు.

అదే పది గ్రాములను విత్తనంగా చూస్తే లెక్క తిరగబడుతుంది. ఒక గ్రామ తొట్టికి పది గ్రాముల శుద్ధమైన, సజీవమైన నాచు చాలా ఉదారమైన మోతాదు. అంటే ఒక పలక రోజుకు ఒక తొట్టికి విత్తనం ఇస్తుంది. పూర్తిగా దీపాల మీద పెంచినా ఆ విత్తనానికి అయ్యే విద్యుత్తు ఒకటి రెండు యూనిట్లే. ఆ తొట్టి ఎండను ఉచితంగా వాడుకొని దానిని ఎన్నో రెట్లు చేస్తుంది. ఆ తరువాత వరి మడి మిగిలిన పని చేస్తుంది. అసలైన నత్రజని స్థిరీకరణ జరగవలసింది పొలంలోనే.

మూడు మెట్ల విత్తన శ్రేణి

వరి విత్తనంలో బ్రీడరు విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధృవీకరించిన విత్తనం అనే మెట్లు ఎందుకున్నాయో విస్తరణ శాస్త్రవేత్తలకు వివరించనవసరం లేదు. రైతు తన విత్తనాన్ని తానే కొంతకాలం వాడుకోవచ్చు, కాని మూలం నుంచి ఎప్పటికప్పుడు తాజా విత్తనం రాకపోతే జాతి గుణం చెడుతుంది. నాచు విషయంలో ఇంతవరకు లోపించినది ఈ క్రమమే. దీనిని ఇలా అమర్చుకోవచ్చు.

మొదటి మెట్టు పరిశోధన కేంద్రం. ఇక్కడ గుర్తించిన జాతులను ఏకజాతి వర్ధనాలుగా భద్రపరచి, చిన్న పలక రియాక్టర్లలో లేదా బుడగల స్తంభాలలో పెంచాలి. రెండవ మెట్టు జిల్లా స్థాయి. పాలీహౌస్ కింద, దోమతెరతో, శుద్ధి చేసిన నీటితో, మట్టికి బదులు నత్రజని లేని మాధ్యమంతో నిస్సారమైన తొట్లలో పెంచాలి. మూడవ మెట్టు గ్రామం. రైతులో, మహిళా సంఘాలో పాత పద్ధతి తొట్లలోనే పెంచాలి, కాని ప్రతి కారులో కొత్త విత్తనంతో ప్రారంభించాలి. పాత పెళ్లలను మళ్లీ మళ్లీ విత్తనంగా వాడే అలవాటును మాన్పించడం ఈ మెట్టులో ముఖ్యమైన విస్తరణ కార్యం.

జాతుల ఎంపికలో ఒక ఉచ్చు ఉన్నది. రియాక్టరులో అన్నింటికంటే వేగంగా పెరిగేది పొలంలో అన్నింటికంటే మేలైనది కానవసరం లేదు. మెత్తని అనబీనా పాత్రలో చురుకుగా పెరుగుతుంది, కాని పొలంలో మేసే ప్రాణులకు సులభంగా ఆహారమవుతుంది. జిగురు కవచం గల నాస్టాక్ ముద్దలను అవి అంతగా ముట్టవు. ఆలోసిరా, సైటోనీమా వంటివి నిదానంగా పెరిగినా మడిలో నిలదొక్కుకుంటాయి. కనుక కేవలం పెరుగుదల వేగం చూసి ఎంపిక చేయడం తప్పు. స్థానిక నేలల నుంచి వేరుచేసిన జాతులకు ప్రాధాన్యం ఇవ్వాలి. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు విషపదార్థాలను తయారు చేయగలవు కనుక, ఏ జాతినైనా పంపిణీకి ముందు ఆ దృష్టితో పరీక్షించడం తప్పనిసరి.

కోత, నిల్వ, నాణ్యత

లీటరుకు ఒక గ్రాము అంటే కిలో నాచుకు వెయ్యి లీటర్ల నీటిని వడకట్టాలి. సూక్ష్మమైన క్లోరెల్లాకు దీనికోసం సెంట్రిఫ్యూజ్ కావాలి. తంతునాచులకు ఈ బాధ తక్కువ. గాలి ఆపి ఉంచితే అవి ముద్దలుగా చేరి అడుగుకో, పైకో వస్తాయి. సన్నని గుడ్డతో వడకట్టవచ్చు.

ఆరబెట్టడంలోనే చాలా నాచు చనిపోతుంది. పోషకాలు తగ్గి పెరుగుదల మందగించినప్పుడు కొన్ని జాతులు మందపాటి గోడలతో విశ్రాంత కణాలను ఏర్పరచుకుంటాయి. అవి ఎండకూ ఎండిన నేలకూ తట్టుకుంటాయి. అందువల్ల ఉరవడిగా పెరుగుతున్న దశలో కోసిన నాచు కంటే భాస్వరం తగ్గించి, కొన్ని రోజులు ముదరనిచ్చి కోసిన నాచు నిల్వకు మేలు. గింజ పాలు పోసుకునే దశలో కోసిన వరిని విత్తనంగా ఎవరూ దాచరు కదా. వడకట్టిన నాచును ముల్తానీ మట్టి వంటి వాహక పదార్థంలో కలిపి నీడలో ఆరబెట్టి, తేమ చొరని సంచులలో, పురుగుమందులకూ రసాయన ఎరువులకూ దూరంగా ఉంచాలి.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 పరిధిలోకి 2006లో జీవన ఎరువులను తెచ్చినప్పుడు రైజోబియం, అజటోబాక్టర్, అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాలకు వాహక పదార్థంలో గ్రాముకు 5 కోట్ల సజీవ కణాలు ఉండాలని నిర్దేశించారు. తంతునాచులో ఈ విధంగా కణాలు లెక్కించడం సులభం కాదు. ఒక తంతువులో పది కణాలున్నా, వంద కణాలున్నా ప్లేటు మీద ఒకే మచ్చగా మొలుస్తుంది. పత్రహరితం కొలిస్తే చనిపోతున్న నాచు కూడా లెక్కలోకి వస్తుంది. అందుచేత మూడు పరీక్షలను కలిపి చూడడం ఉచితం: పత్రహరిత పరిమాణం, నత్రజని లేని మాధ్యమంలో వరుస పలుచనలతో మొలకెత్తే సంఖ్య, సూక్ష్మదర్శినిలో జాతి గుర్తింపు. ఈ మూడింటికీ కావలసిన పరికరాలు ప్రతి వ్యవసాయ కళాశాలలోనూ ఉన్నాయి.

పొలం షరతులు

ఎంత శుద్ధమైన విత్తనమైనా అనువుగాని నేలలో మొలవదు. నాచుకు నిలిచిన నీరు, అందుబాటులో భాస్వరం, తటస్థం నుంచి కొద్దిపాటి క్షార గుణం గల నేల, పైరు కమ్ముకోకముందే తగినంత వెలుతురు కావాలి. కృష్ణా, గోదావరి డెల్టాల దమ్ము చేసిన మడులు ఇందుకు సహజంగా అనుకూలం. నేరుగా విత్తిన మెట్ట వరిలో, తొలిదశలో నీరు నిలపని పద్ధతులలో, తడి ఆరుదల పాటించే పొలాలలో నాచు నుంచి అదే ఫలితాన్ని ఆశించరాదు. నత్రజని ఎరువు మోతాదు ఎక్కువైతే నాచు గాలి నత్రజనిని పట్టడం మానుకొని సిద్ధంగా ఉన్నదానిని వాడుకుంటుంది. పూర్తి మోతాదు యూరియా వేసిన మడిలో నాచును చల్లి ఫలితం లేదనడం నాచు తప్పు కాదు. పాచి కోసం మైలుతుత్తం వాడిన మడిలో నాచు చల్లడం కూడా విత్తనం మీద కలుపుమందు చల్లినట్లే.

ఈ షరతులను రైతుకు ముందుగానే చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత. ఎక్కడ పనిచేస్తుందో చెప్పినంత స్పష్టంగా ఎక్కడ పనిచేయదో చెప్పినప్పుడే మిగిలిన మాటకు విలువ నిలుస్తుంది.

పరిశోధన విద్యార్థులకు ఈ రంగంలో చేయదగిన పని ఎంతో ఉన్నది. ఖరీదైన పరికరాలు లేకుండానే రెండు గాజుపలకలు, అక్వేరియం గాలిపంపు, ఎరుపు దీపాలు, ఉష్ణమాపకం, ఉదజని సూచిక మీటరుతో చిన్న రియాక్టరును నిర్మించి, మన జిల్లాల నేలల నుంచి వేరుచేసిన నాచులు ఎంత వెలుతురుకు, ఎంత వేడికి ఎలా స్పందిస్తాయో నమోదు చేయవచ్చు. రియాక్టరులో పెంచిన విత్తనంతోనూ, పాత తొట్టి విత్తనంతోనూ ప్రారంభించిన గ్రామ తొట్లను పక్కపక్కన ఉంచి, చివరకు పొట్లంలో మిగిలిన జాతిని పోల్చవచ్చు. విత్తనం వేయని మడిని సరిపోల్చే మడిగా ఉంచి, నేలలో ముందే ఉన్న నాచును లెక్కించిన తరువాతనే పొలం ప్రయోగం ప్రారంభించాలి.

రైతు అడిగిన ప్రశ్న చిన్నదే: ఈ పొట్లంలో ఏమున్నది? ఆ ప్రశ్నకు జాతి పేరుతో, సజీవ సంఖ్యతో, తయారైన తేదీతో సమాధానం చెప్పగలిగిన నాడు నీలి ఆకుపచ్చ నాచు మన వరి మడులలో తన నిజమైన శక్తిని నిరూపించుకునే అవకాశం పొందుతుంది. అప్పుడు అది నెగ్గినా, ఓడినా, ఆ తీర్పు నాచుకు సంబంధించినదే అవుతుంది గాని కల్తీకి సంబంధించినది కాదు.